తెలుగు స్ట్రాటజీ గేమ్‌లో యుగాలకు పేర్లు పెట్టడం ఎలా?

వేసవి సెలవులకు పటమటలోని మా ఇంటికి వచ్చిన అక్క కొడుకు, మేం నలుగురం మిత్రులం కలిసి తయారు చేస్తున్న గేమ్ ఆడుతున్నాడు. వాడిది ఎనిమిదో తరగతి. ఏటి ఒడ్డున నాలుగు ఊళ్ళు కట్టాడు, పొరుగు రాజ్యంతో ఒక యుద్ధం ఓడి ఒకటి గెలిచాడు. ఇంతలో తెర మీద బంగారు రంగు అక్షరాలతో ‘మీరు పునరుజ్జీవన యుగంలోకి ప్రవేశించారు’ అని వచ్చింది. వాడు మౌస్ వదిలేసి నా వైపు తిరిగాడు. “మామయ్యా, యుద్ధంలో చచ్చిపోయిన సైనికులు ఇప్పుడు మళ్ళీ బతికొస్తారా?”

ఆ మాటను విడగొట్టి చూస్తే వాడు చెప్పిందే అర్థం. గ్రీకుల, రోమన్ల విద్యలకు ఇటలీలో మళ్ళీ ప్రాణం వచ్చిందన్న కథ ముందే తెలిసినవాడికి తప్ప ఆ పేరు ఎవరికీ ఏమీ చెప్పదు. మా మ్యాప్‌లో ఇటలీయే లేదు. ఇంగ్లీషు గేముల్లో చూసిన వరసను నిఘంటువు దగ్గర పెట్టుకుని మార్చేశాం, అంతే. ఆ రాత్రి ఎనిమిది పేర్లూ కొట్టేశాం. మళ్ళీ పెట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మీలో ఎవరైనా తెలుగులో ఇలాంటి గేమ్ చేస్తున్నా, బోర్డు గేమ్ గీస్తున్నా, ఆ నాలుగు నెలలూ మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. యుగం పేరు వినగానే ఆటగాడికి తన చేతికి కొత్తగా ఏం వచ్చిందో తెలియాలి. కింద రాసిందంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

మొదటి అడుగు: మీ గేమ్‌లో యుగం చేసే పనేమిటో తేల్చుకోండి

పేర్ల దగ్గరికి వెళ్ళేముందు ఇది తేలాలి. 2025లో వచ్చిన సివిలైజేషన్ 7 అనే కంప్యూటర్ గేమ్‌లో మూడే యుగాలు: ప్రాచీన, అన్వేషణ, ఆధునిక. ఒక యుగం ముగియగానే ఆటగాడు తన నాగరికతనే మార్చుకుంటాడు. అక్కడ యుగం అంటే దాదాపు వేరే ఆట, కాబట్టి పేరు ఎంత విశాలంగా ఉన్నా నప్పుతుంది. 2021 నాటి హ్యూమన్‌కైండ్‌లో నియోలిథిక్ (కొత్త రాతి యుగం) నుంచి మొదలుపెట్టి ఏడు యుగాలున్నాయి. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో నాలుగు. అందులో యుగం అంటే సరుకు పెట్టి కొనుక్కునే మెట్టు: 800 ఆహారం, 200 బంగారం కడితే మూడో యుగమైన ‘కాజిల్ ఏజ్’లోకి వెళ్తారు. అక్కడికి వెళ్ళాకే కోట కట్టగలరు. అంటే పేరే ఫలితాన్ని చెబుతోంది. ఈ మూడింటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

మీ గేమ్‌లో యుగం మారితే సంగీతం, రంగులు మాత్రమే మారేటట్టయితే నాలుగైదు యుగాలు చాలు. ప్రతి యుగానికీ కొత్త పని, కొత్త కట్టడం వస్తుంటే ఎనిమిది తొమ్మిది దాకా వెళ్ళొచ్చు. అంతకు మించితే పేర్లు ఎవరికీ గుర్తుండవు.

రెండో అడుగు: యుగమా, శకమా, కాలమా

పత్రికల్లో ఈ మూడింటినీ కలిపేసి వాడుతుంటారు గానీ, గేమ్‌లో కలిపేస్తే ఇబ్బంది. శకానికి లెక్క ఉంటుంది. శాలివాహన శకం మొదలైంది సామాన్య శకం 78లో. చీరాల దగ్గరి మోటుపల్లిలో గణపతిదేవుడు వేయించిన శాసనం శక సంవత్సరం 1166 అంటే, 78 కలుపుకుని 1244 అని లెక్కిస్తాం. కాబట్టి సంవత్సరం అంకె చూపించే చోటే శకం వాడండి. కాలం అనేది మనుషులకు అతుక్కుని ఉండే మాట: మా తాతల కాలం, తెల్లదొరల కాలం. ఎవరి కాలమో చెప్పకపోతే ఆ మాట నిలబడదు. మెట్టుకు యుగమే సరైన మాట. ఒక యుగం లోపల చిన్న విభాగాలు కావాలంటే వాటికి దశ అనండి: తొలి దశ, మలి దశ.

కృత, త్రేతా, ద్వాపర, కలి యుగాలను వాడొచ్చు కదా అని మాలో ఒకరు గట్టిగా వాదించారు. తెలుగువాడికి అంతకంటే తెలిసిన యుగాలు లేవన్నది నిజం. చిక్కు వాటి దిశతోనే వస్తుంది. కృతయుగంలో ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తుంది, యుగానికో పాదం చొప్పున తగ్గి కలిలో ఒంటి పాదం మీద మిగులుతుంది. యుగాల నిడివి కూడా 17,28,000 ఏళ్ళ నుంచి 4,32,000 ఏళ్ళకు తగ్గుతూ వస్తుంది. మీ గేమ్‌లో నాగరికత పైకి పెరుగుతూ పోతే, పేర్లు మాత్రం కిందికి దిగుతుంటాయి. క్రమంగా చేయి జారిపోయే లోకాన్ని కాపాడుకోవడమే ఆటగా ఎవరైనా చేస్తే ఈ నాలుగు పేర్లూ అద్భుతంగా అమరుతాయి. మాది ఆ ఆట కాదు.

ప్రభవ మొదలు అక్షయ దాకా ఉన్న 60 సంవత్సరాల పేర్లను మాత్రం వదలొద్దు. యుగాలకు పనికిరావు, టర్న్‌లకు, అంటే ఆటలో ఒక్కో వంతుకు, చక్కగా పనికొస్తాయి. ‘టర్న్ 26’ అనడానికి బదులు ‘నందన’ అని చూపిస్తే పంచాంగం చూసే ఇంట్లో పుట్టినవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువు వచ్చింది ఆ నందన సంవత్సరంలోనే, దాని పేరే నందన కరువు. 1876లో మొదలైనదాన్ని ధాత కరువు అన్నారు. మనవాళ్ళు కాలాన్ని గుర్తుపెట్టుకున్న తీరే అది.

మూడో అడుగు: మలుపు వెతకండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. ఒక కాగితం తీసుకుని యుగానికో వాక్యం రాయండి. వాక్యంలో తప్పనిసరిగా ఒక క్రియ ఉండాలి, కర్త మీ ఆటగాడే కావాలి. ‘ఇనుము కరిగించాడు’, ‘ఓడ కట్టాడు’, ‘నీళ్ళు నిలబెట్టాడు’. క్రియ దొరక్కపోతే అక్కడ యుగం లేనట్టే, పక్కదానితో కలిపేయండి. మా పాత ఎనిమిదింటిలో ‘మధ్యయుగం’కి ఎంత వెతికినా క్రియ దొరకలేదు. దేనికీ దేనికీ మధ్య? రోముకూ ఇటలీ పునరుజ్జీవనానికీ మధ్య. ఆ యుగంలో బతికే ఆటగాడికి తాను మధ్యలో ఉన్నానని తెలిసే దారే లేదు.

రాతి, కంచు, ఇనుప యుగాల వరస కూడా ఒకరు ఒక చోట కూర్చుని చేసినదే. కోపెన్‌హాగన్ మ్యూజియంలో వస్తువులను సర్దడానికి థామ్సెన్ అనే ఆయన వాటిని అలా విడదీసి, 1836లో అచ్చు వేశాడు. డెన్మార్క్ నేలలో దొరికినవాటికి అది సరిగ్గా సరిపోయింది. మన దక్కన్‌లో రాగి, కంచు వస్తువులు దొరికినా, కంచు ఒక యుగాన్ని నిలబెట్టినంతగా కనిపించదు. నునుపు రాతి గొడ్డళ్ళ దశ నుంచి జనం దాదాపు నేరుగా ఇనుములోకి వెళ్ళారు. ఆ నడుమ ఇక్కడ జరిగిన పెద్ద సంగతి పశువుల మందలు. ఉట్నూరు, పాలవాయి దగ్గర కనిపించే బూడిద దిబ్బలు, తరతరాల పశువుల దొడ్ల పేడ కాలి మిగిలినవి. అందుకని మేం కంచు యుగం తీసేసి మందల యుగం పెట్టాం. ఆ యుగంలో ఆటగాడికి వచ్చే కొత్త పని కూడా దొడ్డి కట్టడమే.

ఇలా ఒక్కొక్కటే మీ నేలను అడగండి. మాకు దొరికిన వరస ఇది: రాతి యుగం, మందల యుగం, ఇనుప యుగం, రేవుల యుగం, చెరువుల యుగం, ఫిరంగుల యుగం, ఆనకట్టల యుగం, తీగల యుగం.

రేవుల యుగం ఎందుకంటే, శాతవాహన రాజులు తమ నాణేల మీద రెండు తెరచాపల ఓడ బొమ్మ వేయించుకున్నారు. అమరావతి పక్కనున్న ధరణికోటలో తవ్వితే పడవలు ఆగే రేవు కట్టడం బయటపడింది. ఒక రాజ్యం తన నాణెం మీద ఏ బొమ్మ వేసుకుందో చూడండి, ఆ యుగం పేరు సగం దొరికినట్టే.

ఫిరంగుల యుగం పేరు దొరికిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. సముద్రం దాటి వచ్చిన యూరపువాళ్ళూ, తుపాకి మందూ, కోటల ముట్టడులూ అన్నీ ఒక్క మాటలో రావాలి. రకరకాల సమాసాలు కట్టి విసిగిపోయాం. ఫిరంగి అన్న మాట పుట్టిందే ‘ఫరంగీ’ అంటే యూరపువాడు అన్న మాట నుంచి అని తెలిశాక ఇక వెతకలేదు. మనిషీ, వాడు తెచ్చిన ఆయుధమూ ఒకే మాటలో ఉన్నాయి. పోర్చుగీసువాళ్ళు 1498లో కాలికట్ చేరారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో దిగారు. పోర్చుగీసు ఓడల్లోనే అమెరికా ఖండం నుంచి మిరప వచ్చింది. అంతకుముందు మన కూరల్లో కారానికి మిరియాలే దిక్కు. అందుకని మా గేమ్‌లో ఫిరంగుల యుగానికి ముందు మిరప పంట రాదు. గుంటూరులో ఆడి చూసినవాళ్ళు మొదట దీన్ని ఒప్పుకోలేదు, కారణం చెప్పాక వాళ్ళకు బాగా నచ్చింది కూడా ఇదే.

ఆనకట్టల యుగం మీద మాలో పెద్ద వాదనే జరిగింది. ఆ స్థానంలో అందరూ పారిశ్రామిక యుగం అంటారు. ఇంగ్లండులో బతుకు మారింది మిల్లులతో, ఆవిరితో. కృష్ణా, గోదావరి మండలాల్లో బతుకు మారింది కాలవ నీటితో. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, బెజవాడ ఆనకట్ట 1855లో. నందన కరువు పోయిన ఇరవై ఏళ్ళకే మెట్ట నేల మాగాణి అయింది. ఇప్పుడు ప్రకాశం బ్యారేజీ మీద నడిచేవాళ్ళకు అదంతా ఎప్పుడూ ఉన్నట్టే అనిపిస్తుంది గానీ, ఈ బ్యారేజీ వచ్చింది 1957లో. ఇంగ్లీషువాళ్ళు కూడా దీనికి తమిళ అణైక్కట్టునే ‘అనికట్’ అని తీసుకెళ్ళారు. అయితే ఒక షరతు: మీ గేమ్‌లో ఆ యుగంలో మొదట వచ్చేది బొగ్గూ రైలూ అయితే ఈ పేరు పెట్టకండి, ఆవిరి యుగం అనండి. చేతికి వచ్చేదానికీ పేరుకూ పొత్తు కుదరాలి.

మలుపులు ఒకే చోట చూడాలంటే నాగార్జునకొండ మ్యూజియానికి ఒకసారి వెళ్ళి రండి. 1954 నుంచి 1960 వరకు ఆ లోయను తవ్వితే రాతి పనిముట్ల నుంచి ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి మీదుగా మధ్యకాలపు కట్టడాల దాకా పొరలు పొరలుగా బయటపడ్డాయి. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. లాంచీలో దాని మీదుగా వెళ్తున్నంతసేపూ నేను మా యుగాల జాబితానే తలుచుకున్నాను.

నాలుగో అడుగు: రాజవంశాల పేర్లు పెట్టాలా?

మీ గేమ్ పూర్తిగా తెలుగు చరిత్ర మీదే అయితే శాతవాహన యుగం, కాకతీయ యుగం అనాలనిపిస్తుంది. మొదట్లో బాగానే సాగుతుంది. కాకతీయులు 1323లో పడిపోయాక ఇరుక్కుంటారు. కొండవీట్లో రెడ్లు, రాచకొండలో వెలమలు, 1336 నుంచి విజయనగరం, ఒకే సమయంలో. ఒకరి పేరు పెడితే మిగతా ఆటగాళ్ళు పరాయి యుగంలో ఆడుతున్నట్టు ఉంటుంది.

మన సాహిత్య చరిత్రకారులు వేరే దారి చూపించారు. నన్నయ యుగం, శివకవి యుగం, తిక్కన యుగం, ఎఱ్ఱన యుగం, శ్రీనాథ యుగం, ప్రబంధ యుగం. రాజు ఎవరైనా యుగానికి కవి పేరే, లేదంటే అప్పుడు పుట్టిన ప్రక్రియ పేరే. దీన్ని గేమ్‌లోకి ఇలా తెచ్చుకోవచ్చు: అందరికీ కలిపి చెరువుల యుగం అనే పేరు ఉంటుంది. ఏ రాజ్యంలో మహాకవి పుడితే ఆ ఆటగాడి తెర మీద మాత్రం ఆ కవి పేరుతో ఇంకో పేరు దాని కింద చేరుతుంది. కవి మీద ఖర్చు పెట్టడానికి ఆటగాడికి మంచి కారణం దొరుకుతుంది.

ఐదో అడుగు: పేరులో తీర్పు వద్దు

పైన చెప్పిన సాహిత్య వరసలోనే నాయకరాజుల యుగం తర్వాత ‘క్షీణ యుగం’ అని ఒకటుంది. ఆ పేరు నాకు చిన్నప్పటి నుంచీ బాధే. ఒక్క మాటతో తరాల మనుషులను కొట్టిపారేస్తుంది, ఆ పేరు చూశాక ఆ కాలపు పుస్తకం తెరిచేవాడుండడు. చీకటి యుగం అనే పేరు చేసేదీ అదే పని. స్వర్ణయుగం అని ముందే పేరు పెట్టేస్తే ఆటగాడు చేయడానికేం మిగలదు. 2018లో సివిలైజేషన్ 6కి వచ్చిన రైజ్ అండ్ ఫాల్ అనే అదనపు భాగంలో దీన్ని బాగా పరిష్కరించారు. యుగం పేరు అందరికీ ఒకటే. అది మీకు స్వర్ణమా, చీకటా, మామూలా అన్నది గత యుగంలో మీరు సంపాదించుకున్న పాయింట్లను బట్టి తేలుతుంది. విశేషణం ఆటగాడు సంపాదించుకోవాలి, నామవాచకం మనం ఇవ్వాలి.

ఆరో అడుగు: నోటితో పలకండి

ఆడేటప్పుడు పిల్లలు ఎలా అరుస్తారో అలా అని చూడండి: “ఒరేయ్, నేను రేవుల యుగంలోకి వచ్చేశా!” ఇది నోట్లో తిరిగింది. “నేను వాణిజ్య విస్తరణ యుగంలోకి వచ్చేశా” తిరగలేదు. రెండు మూడు చిన్న మాటలు, అన్నీ ఒకే అచ్చులో ఉండాలి. ఏడు పేర్లు రేవుల, చెరువుల అని ఉండి ఒకటి ‘పారిశ్రామిక’ అని ఉంటే పంటి కింద రాయిలా తగులుతుంది. తెలుగు మాటను సంస్కృత మాటతో కలపడం వైరి సమాసమని పండితులు అభ్యంతరం చెప్పొచ్చు. రాతియుగం అని బడి పుస్తకాల్లో ఏనాడో స్థిరపడింది కాబట్టి ఆ దారిలో ధైర్యంగా వెళ్ళండి.

ఏడో అడుగు: చీటీల పరీక్ష

ఎనిమిది పేర్లూ ఎనిమిది చీటీల మీద రాసి, కలిపేసి, గేమ్ గురించి ఏమీ తెలియని మనిషికి ఇవ్వండి. ఏది ముందో ఏది తర్వాతో పేర్చమనండి. మీరు నోరు విప్పకూడదు.

నేను మా అమ్మకిచ్చాను. మంచం మీద దుప్పటి సర్ది, చీటీలు పరిచి, అద్దాలు పెట్టుకుని చూసింది. రాతి, మందల, ఇనుప చకచకా పెట్టేసింది. ఆ తర్వాత చెరువుల చీటీ తీసి రేవులకు ముందు పెట్టింది. నేనేదో అనబోయేలోపే, “ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేకుండా ఓడలెక్కుతారట్రా ఎవరైనా?” అంది. తెనాలి పక్క పల్లెలో పుట్టిన మనిషి. ఆనకట్టల చీటీ మాత్రం తడుముకోకుండా ఫిరంగుల తర్వాత పెట్టింది.

అమ్మ తర్కం సరైనదే. చెరువు ఎప్పటి నుంచో ఉంది. కాకతీయుల కాలంలో కొత్తగా పెద్ద ఎత్తున సాగింది చెరువులను ఒకదానికొకటి కలిపే పని: పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువు నిండుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువులూ ఆనాటివే. ఆ రాత్రే చీటీ మీద ‘గొలుసు చెరువుల యుగం’ అని మార్చి రాశాం. గేమ్‌లో కూడా ఆ యుగం దాకా చెరువులు విడివిడిగానే ఉంటాయి, ఆ తర్వాతే అలుగు కలుస్తుంది. మళ్ళీ వేరే ముగ్గురికి ఇస్తే ముగ్గురూ వరస తప్పకుండా పేర్చారు. ముగ్గురిలో ఇద్దరు తప్పినా పేరు మార్చండి, మనుషులను మార్చకండి.

ఎనిమిదో అడుగు: కోడ్‌లో పెట్టడం

ఇంగ్లీషు గేమ్‌లో పేరును వాక్యం ఖాళీలో అలాగే అతికిస్తే సరిపోతుంది. తెలుగులో విభక్తి పేరునే మారుస్తుంది: యుగం, యుగంలోకి, యుగానికి, యుగపు. పేరుకు వెనక ‘కి’ అతికిస్తే తెర మీద ‘యుగంకి’ అని పడుతుంది. కాబట్టి ప్రతి పేరుకూ ఈ నాలుగు రూపాలనూ విడివిడిగా దాచుకోండి. పేర్లన్నీ యుగంతోనే ముగిస్తే ఈ పని చాలా తేలిక.

మేం మొదట వాడిన ఇంజిన్‌లో, అంటే గేమ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో, వత్తులు విడిపోయి పక్కన పడేవి. గొడో 4 అనే ఇంజిన్‌కి మారాక అక్షరాలు సరిగ్గా కలిశాయి. ఫాంట్లలో శీర్షికకు రామభద్ర, చదివే పాఠానికి మండలి వాడుతున్నాం. రెండూ ఉచితమే. ఇంగ్లీషుకు సరిపోయిన బటన్ ఎత్తు తెలుగుకు చాలదు, కింద వత్తు, పైన గుడి తెగిపోతాయి. కొంచెం పెంచుకోండి.

చివరి యుగం

తీగల యుగం టెలిగ్రాఫుతో మొదలై కరెంటు, ఫోనుతో నడుస్తుంది. దాని తర్వాతిదానికి మేం పేరు పెట్టలేదు. అక్కడికి చేరిన ఆటగాడే పేరు టైపు చేసుకుంటాడు. మా అక్క కొడుకు ఆటలో అప్పటికి ఏరు ఎండిపోయింది, వాడు పాత చెరువులు పూడిక తీయిస్తున్నాడు. ‘మళ్ళీ చెరువుల యుగం’ అని టైపు చేశాడు. తెర మీద ‘మళ్ళీ చెరువుల య’ అని ఆగిపోయింది. మేం 15 అక్షరాల హద్దు పెట్టాం. కంటికి కనిపించే అక్షరాలు, ఖాళీలతో కలిపి, పదే. కంప్యూటర్ మాత్రం గుణింతాన్నీ, వత్తునూ, సున్నానూ విడిగా లెక్కపెట్టి 18 అంటుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే దానికి ఆరు. మీరు ఇలాంటి పెట్టె పెడితే హద్దు 40కి తక్కువ పెట్టకండి.